డయలు దారం

గొడవ ఊరగాయ చెంచాతో మొదలైంది.

సొన్నమ్మ వంటింట్లో ఏ జాడీ చెంచా ఆ జాడీకే. నిమ్మకాయది చెక్క చెంచా, మామిడికాయది పింగాణీది, గోంగూరది పిడి వంగిన స్టీలుది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఒకదాని చెంచా ఇంకోదాంట్లో పడిన పాపాన పోలేదు. అలాంటిది ఆ సోమవారం పొద్దున దోసెల్లోకి నిమ్మకాయ వేద్దామని చూస్తే చెక్క చెంచా కనబడలేదు. వెతగ్గా వెతగ్గా భోజనాల టేబులు మీద, ఒక రేడియో పెట్టె పక్కన దొరికింది. దాని మూతికి తెల్లటి బంక అంటి, ఎండి, రాయిలా అయిపోయి ఉంది.

"ఏందిది?" అంది చెంచాను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకొని.

"చెంచా," అన్నాడు మునీంద్ర తల ఎత్తకుండా.

"చెంచా అని నాకూ తెలుసు. దీని మూతికి ఏంది?"

"బంక. పెట్టె మూల పలక ఊడింటే అతికిస్తిని. కడిగితే పోతాది లేవే."

"కడిగితే పోయేదైతే మీ పలక ఎట్ల నిలుస్తాది?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం మునీంద్రకు అలవాటు. "ఒక చెంచాకి ఇంత గలాటానా!" అన్నాడు.

"చెంచాకి కాదు, ఈ టేబులుకి. దసరా నుంచి మీ అమ్మ ఒళ్ళో అన్నం తట్ట పెట్టుకొని తింటా ఉండాది. హర్షిత సోఫాలో, మనిద్దరం చాప మీద. ఆరుగురు కూర్చొని తినే టేబులు మీద ఆరు రేడియోలు కూర్చొని ఉండాయి."

"ఏడు," అని సవరించింది మునీంద్ర తల్లి చౌడమ్మ తన కుర్చీలోంచి. "వెంకటేశప్పది నిన్న వచ్చె."

మునీంద్ర జిగణిలో ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేసి పోయినేడు రిటైరై దిగిపోయాడు. దిగిపోయిన రెండో ఆదివారం చిక్కపేట సండే బజారులో చెప్పుల జతకని పోయి, చెప్పులు మానేసి పాత వాల్వు రేడియో చంకన పెట్టుకొని వచ్చాడు. లోపల గాజు బుడ్లు ఎర్రగా వెలిగి, ఒళ్ళు వేడెక్కాక గాని నోరు విప్పని పెద్ద పెట్టె. దాన్ని ఆరు రోజులు విప్పి, తుడిచి, మార్చి, ఏడో రోజు పాడించాడు. అంతే. బెంగళూరు కబ్బన్‌పేట సందులో, మొదటి అంతస్తులో ఉన్న ఆ మూడు గదుల ఇంట్లోకి ఒకదాని వెనక ఒకటి రావడం మొదలుపెట్టాయి. గోడ బీరువా నిండింది, కిటికీ గట్టు నిండింది, దసరాకి టేబులు కూడా వాటి పాలైంది.

వెంకటేశప్పది మాత్రం సొంతానికి తెచ్చింది కాదు. సందు చివర ఒకప్పుడు జరీ వ్యాపారం చేసిన పెద్దాయన ఆయన. పెళ్ళిలో వచ్చిన రేడియో ముప్ఫై ఏళ్ళుగా అటకెక్కి ఉంటే, ఆదివారానికల్లా పాడించి ఇస్తానని మునీంద్ర మాటిచ్చి మోసుకొచ్చాడు. ఆ రోజు భోజనానికి కూడా పిలిచాడు. వండేవాళ్ళను మాత్రం అడగలేదు.

ఇంత జరిగాక, చెంచా మీది కోపం టేబులు మీదికి, టేబులు మీది కోపం రేడియోల మీదికి పోయేసరికి మునీంద్రకు రోషం వచ్చింది.

"సరే. ఆదివారం మధ్యాహ్నానికి ఈ సెట్టు పాడాల. ముల్లు స్టేషను పేర్ల మీద సరిగ్గా నడవాల. నడవకుంటే టేబులు నీది. ఉండే సెట్లన్నీ పాత సామాన్ల గుజరీ అంగడికి తూకానికి ఏసేస్తా."

"నడిస్తే?"

"నడిస్తే టేబులు నాది. ఇంక ఎవురూ దాని మాటెత్తకూడదు."

"వింటివి కదా అత్తా?"

"వింటిని," అంది చౌడమ్మ. "నా ఎడం చెవి బాగానే ఉండాది."

సొన్నమ్మ చెంచాను నీళ్ళలో నానబెట్టి, ఆ సాయంత్రమే టేపు తెచ్చి టేబులు కొలుచుకుంది. కొత్త గుడ్డ కుట్టాలి కదా.

మునీంద్రను తక్కువ అంచనా వేశానని ఆమెకు బుధవారం తెలిసింది. రెండు రోజులు ఆయన టేబులు వదల్లేదు. మైనంలా కారిపోయిన పాత కండెన్సర్లు పీకి కొత్తవి వేశాడు, గాజు బుడ్ల కాళ్ళు గీకి శుభ్రం చేశాడు. బుధవారం పదకొండింటికి అందరినీ పిలిచాడు. అందరూ అంటే పెళ్ళాం, తల్లి, ఇంట్లోంచే పని చేస్తున్న కూతురు. హర్షిత వారానికి మూడు రోజులు మహదేవపురలో ఆఫీసుకు పోతుంది, మిగిలిన రోజులు సోఫాయే ఆఫీసు.

పాత సెట్టుకు మునీంద్ర నేరుగా కరెంటు ఇవ్వడు. మధ్యలో వంద వాట్ల బల్బు ఒకటి పెడతాడు. సెట్టు లోపల ఏదైనా తగులుకొని ఉంటే బల్బు భగ్గున వెలిగి ఊరుకుంటుంది, సెట్టు కాలదు. అంతా సవ్యంగా ఉంటే ఒక్క క్షణం వెలిగి, మెల్లగా ఎర్రబడి తగ్గిపోతుంది. పిల్లను చూడడానికి వచ్చినవాళ్ళ గుణం కాఫీ దగ్గర కనిపెట్టినట్టు, ఆ బల్బు దగ్గరే పెట్టె గుణం తెలిసిపోతుందంటాడు.

బల్బు వెలిగింది. ఎర్రబడింది. తగ్గింది. అర నిమిషానికి ముప్ఫై ఏళ్ళ దుమ్ము కాలిన వాసన వచ్చింది. పెట్టె ముందు, స్టేషను కుదిరిందని చెప్పే చిన్న గాజు కన్ను పచ్చగా విచ్చుకుంది. లోపలెక్కడో గరగర మంది, ఆ గరగరలోంచి ఒక గొంతు కన్నడంలో వాతావరణం చెప్పింది. సాయంత్రం చెదురుమదురుగా వాన పడవచ్చునట.

"పాడె!" అన్నాడు మునీంద్ర.

"వాన పడతాదని చెప్పె," అంది చౌడమ్మ. "మిద్దె మీద మిరపకాయలు ఎండేసి ఉండావే సొన్నమ్మా."

సొన్నమ్మ మిరపకాయలకని మిద్దెక్కింది గాని మనసంతా టేబులు మీదే ఉంది. టేబులు పోయినట్టే. గుడ్డ కుట్టకపోవడమే మంచిదైంది అనుకుంది. దిగి వచ్చేసరికి మాత్రం మునీంద్ర మొహం వేరేగా ఉంది. గుబ్బ తిప్పుతున్నాడు. స్టేషను మారడం లేదు. ముల్లు కూడా గాజు పలక వెనక, పడుకున్న పిల్లిలా కదలకుండా ఉంది.

డయలు దారం తెగిపోయింది. బయటి గుబ్బ కడ్డీకి చుట్టుకొని, మూడు చిన్న కప్పీల మీదుగా తిరిగి, లోపలి చక్రం చుట్టూ పోయి, దారిలో ముల్లును లాక్కుపోయే దారం అది. గుబ్బ ఇటు తిప్పితే చక్రం తిరగాలి, ముల్లు నడవాలి. అంతా కలిపి మూడు మూరలుండదు. గట్టిగా కడితే తెగుతుంది, వదులుగా కడితే జారుతుంది. చక్రాన్ని నేరుగా చేత్తో తిప్పి పాట వినొచ్చు గాని, పందెంలో ముల్లు కూడా ఉంది.

గురువారం మునీంద్ర చేపల గాలం నైలాను తెచ్చి కట్టాడు. అది కడ్డీ మీద నున్నగా జారింది. మిషను దారం కట్టాడు. తెగింది. హర్షిత ఫోనులో వీడియో చూపించి, "నాన్నా, ఫారిన్‌లో అందరూ డెంటల్ ఫ్లాసే యూజ్ చేస్తారు, ట్రై చెయ్," అంది. పుదీనా వాసన వేసే ఆ దారం ఇంకా బాగా జారింది. చౌడమ్మ పూలు కట్టే అరటినార వాడమంది.

"అమ్మా, ఇది రేడియో. కనకాంబరాల మాల కాదు."

"నారతో కట్టిన మాల తెగింది నేను చూడలే. నీ రేడియోనే చూస్తా ఉండా, రెండుసార్లు తెగె, రెండుసార్లు జారె."

శుక్రవారం ఎట్టకేలకు ఒక దారం నిలిచింది. మునీంద్ర ఊపిరి బిగబట్టి గుబ్బ కుడివైపు తిప్పాడు. ముల్లు ఎడమవైపు నడిచింది. బెంగళూరు వినబడుతుంటే ముల్లు పోయి ఎక్కడో రెండో కొసన కలకత్తా మీద నిలబడింది. సెట్టు కాగితం తెరిచి, దాంట్లో గీసిన బొమ్మ ప్రకారం వేలితో ఒక్కో కప్పీ చూసుకున్నాడు. బొమ్మలో ఉన్నట్టే ఉంది. విప్పి మళ్ళీ కట్టాడు. మళ్ళీ కలకత్తానే.

"కాగితం తప్పు," అన్నాడు చివరికి.

"అవునా," అంది సొన్నమ్మ, చాలా మెత్తగా. టేపు మళ్ళీ బయటికి తీసింది.

శనివారం మధ్యాహ్నం మునీంద్ర అసలైన డయలు దారం ఉందేమో కనుక్కోవడానికి ఎస్.పి. రోడ్డుకు పోయాడు. హర్షిత స్నేహితురాలి ఇంటికి పోయింది. చౌడమ్మ కుర్చీలో కళ్ళు మూసుకొని ఉంది. సొన్నమ్మ చీపురు పట్టుకొని టేబులు కింద ఊడవడానికి వచ్చింది. చీపురు కిందే ఉంది గాని చూపు పైకి పోయింది.

ఊరుకుంటే చాలు. ఒక్క పూట ఊరుకుంటే రేపు ఈ పాటికి టేబులు ఖాళీ. ఆమె చేయాల్సిన పనల్లా ఏమీ చేయకపోవడమే.

కాని ఆ కడ్డీ మీద దారం చుట్టు మీద చుట్టు ఎక్కి ఉంది.

సొన్నమ్మ పుట్టిల్లు దొడ్డబళ్ళాపురంలో మగ్గాల వీధి. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగు పోగులు వేలకు వేలు ఒక్కొక్కటిగా పాత పోగులకు కలిపి, బూడిద రాసుకున్న వేళ్ళతో మెలితిప్పి అతకాలి. బి.ఎ. పరీక్షలకు చదువుతూ కూడా ఆమె ఒడిలో ఆ పని ఉండేది. ఒక పోగు మీద ఒకటి ఎక్కితే, ఒక పోగు కాస్త వదులైతే, నాలుగు గజాలు నేశాక గుడ్డలో గీతై బయటపడేది. అప్పుడు నాన్న తిట్టేవాడు కాదు, ఆ గీత మీద వేలు పెట్టి చూపించి ఊరుకునేవాడు. అంతకంటే తిట్టడమే నయం.

ఆ కన్ను ఈ చుట్టు మీద చుట్టును ఎట్లా ఓర్చుకుంటుంది? చూసీ ఊరుకోవడమంటే, కూర మాడిన వాసన వస్తుంటే పొయ్యి పక్కన కూర్చొని పుస్తకం చదువుకోవడం లాంటిది.

"సుమ్నే, ఊరికే చూస్తాను," అనుకుంది. చీపురు గోడకు ఆనించింది. ప్లగ్గు ఊడదీసి ఉందో లేదో రెండుసార్లు చూసింది. కుర్చీ లాక్కొని కూర్చుంది.

ముందు కాగితం చూసింది. బొమ్మలో చక్రానికి స్ప్రింగు తగిలించే కొక్కెం ఎడమవైపు ఉంది. పెట్టెలో చూస్తే కుడివైపు ఉంది. ఆమెకు నవ్వొచ్చింది. నాన్న మగ్గం మీద పట్టు చీర బోర్లా నేసేవాడు. బుటాల మొహం కిందికి ఉండేది, నేసేవాడికి కనబడేది వీపే. సరిగ్గా పడిందో లేదో చూడాలంటే మగ్గం కింద దూరి ఎవరో ఒకరు అద్దం పట్టుకోవాలి. ఆ ఎవరో ఒకరు చిన్నప్పుడంతా సొన్నమ్మే. వీపు చూసి మొహం చెప్పడం ఆమెకు అక్షరాల కంటే ముందు వచ్చింది.

లేచి బొట్టు పెట్టుకునే అద్దం తెచ్చి కాగితం పక్కన నిలబెట్టింది. అద్దంలో కొక్కెం కుడివైపుకు వచ్చింది. కప్పీలు కూడా పెట్టెలో ఉన్నవి ఉన్నట్టే వరసగా నిలబడ్డాయి. కాగితం తప్పు కాదు. గీసినవాడు పెట్టె వెనక నిలబడి గీశాడు, కట్టినవాడు ముందు కూర్చొని కట్టాడు.

ఇక కూర్చున్న చెయ్యి ఊరుకోలేదు. కుట్టు డబ్బాలో తమ్ముడు ఓబళప్ప ఎప్పుడో ఇచ్చిన దారం ఉండ ఉంది. మగ్గం మీద పోగుల్ని ఎత్తి దించే దారం అది. రోజుకు వెయ్యిసార్లు లాగినా సాగదు. పాత దారం విప్పేసి, దీంట్లోంచి మూడు మూరలు కత్తిరించింది. మునీంద్ర సాల్డరింగు డబ్బాలోని గుగ్గిలం పొడి చిటికెడు వేళ్ళకు రాసుకుంది. కడ్డీకి మూడు చుట్లు, పక్కపక్కన, ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు. అద్దంలో చూస్తూ కప్పీలు దాటించింది. చక్రం చుట్టూ తిప్పి, స్ప్రింగుకు కట్టి, గోటితో దారాన్ని మీటింది. అది తనకు కావలసిన స్వరం పలికేదాకా రెండుసార్లు విప్పి కట్టింది.

గుబ్బ తిప్పింది. ముల్లు కుడివైపు నడిచింది. ఎక్కడా తట్టకుండా, ఎక్కడా ఆగకుండా.

"పాయె," అంది వెనక నుంచి చౌడమ్మ.

సొన్నమ్మ ఉలిక్కిపడింది. "నిద్రపోతా ఉంటివి కదత్తా?"

"కళ్ళు మూసుకొంటే నిద్రేనా? అంతా చూస్తిని. నీ టేబులు నువ్వే పోగొట్టుకొంటివి కదే పిచ్చిదానా."

అప్పుడు గాని సొన్నమ్మకు పందెం గుర్తు రాలేదు. చేతిలో కత్తెర ఉంది. ఒక్క కత్తిరింపు. ఎవరికీ తెలియదు, అత్తకు తప్ప. కత్తెర దారం దాకా పోయింది.

"కత్తిరించు," అంది చౌడమ్మ. "నేను కళ్ళు మూసుకొంటా. ఈసారి నిజంగా."

సొన్నమ్మ ఆ మూడు చుట్లను చూసింది. బాగా వచ్చాయి. కత్తెర మూసి డబ్బాలో వేసింది.

"నాకు చెయ్యి రాలేదత్తా."

"నాకు తెలుసు. అందుకే పిచ్చిదానా అంటిని."

మునీంద్ర ఎస్.పి. రోడ్డు నుంచి ఒట్టి చేతులతో, వాడిపోయిన మొహంతో వచ్చాడు. టేబులు ముందు కూర్చొని అలవాటుగా గుబ్బ తిప్పాడు. ఆగిపోయాడు. మళ్ళీ తిప్పాడు. కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం పెట్టి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవురు చేసిరి?"

"ఇంటికి ఎవురూ రాలే," అంది సొన్నమ్మ వంటింట్లోంచి.

"మూడు చుట్లు. ఒకటి మీద ఒకటి ఎక్కలే." ఆయన తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. "ఇటు నుంచా వచ్చేది... ఓహో. వెనక నించి గీసినాడు కొడుకు!"

ఆ సాయంత్రం ఆయన రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఒకసారి నీళ్ళు తాగాడు, ఒకసారి ఇంట్లో ఎంత ఉప్పు ఉందో అడిగాడు.

ఆదివారం పొద్దున రాగి ముద్దల్లోకి బస్సారు పులుసుకు ఆకుకూర ఉడుకుతుంటే సొన్నమ్మ చేతులు తుడుచుకొని, అద్దం పట్టుకొని, టేబులు మీదివీ కిటికీ గట్టు మీదివీ బీరువాలోవీ సెట్లన్నీ ఒక చుట్టు చూసి వచ్చింది. వచ్చాక గరిట తిప్పుతూ మళ్ళీ మళ్ళీ టేబులు వైపే చూసింది.

వెంకటేశప్ప సరిగ్గా ఒంటిగంటకు ఉతికిన పంచెతో వచ్చాడు. మునీంద్ర ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి సెట్టుకు కరెంటు ఇచ్చాడు. పచ్చకన్ను విచ్చుకుంది. పెద్దాయన పెట్టె వైపు చూడకుండానే చెయ్యి చాపి గుబ్బ పట్టుకున్నాడు, చీకట్లో మంచం పట్టె తడిమినంత అలవాటుగా. తిప్పాడు. బెంగళూరు పలికింది, ముల్లు బెంగళూరు మీదే నిలబడింది.

ఆయన మొహం చిట్లించాడు. "ఇది నాది కాదప్పా."

"అన్నా! మీదే."

"నాది తిప్పితే ముల్లు తట్టి తట్టి పోతా ఉండె. పెండ్లినాటి నుంచీ అంతే. ఇది వెన్నలో పోయినట్ల పోతా ఉండాది. ఎవురిదో మార్చి తెస్తివి."

పెట్టె కుడి పక్కన, ఆయన పెళ్ళాం ఎప్పుడో ఊదుబత్తి ఆనించిన మచ్చ చూపించేదాకా ఆయన నమ్మలేదు. మచ్చను వేలితో తడిమాడు. చాప మీద ఆకుల ముందు కూర్చున్నాక, "ఈ దారం కట్టింది ఎవురు?" అన్నాడు.

చౌడమ్మ కొడుకు వైపు చూసింది. హర్షిత ఫోను పక్కన పెట్టింది. సొన్నమ్మ ఆకుల్లో ముద్దలు పెడుతూ వంచిన తల ఎత్తలేదు. మునీంద్ర తన ముందున్న రాగి ముద్దలో వేలితో గుంట చేశాడు, దాంట్లో బస్సారు పోసుకున్నాడు.

"నాకు రాలేదన్నా," అన్నాడు. "మూడు రోజులు చూస్తిని. కట్టింది మా సొన్నమ్మ."

"అయితే పందెం ఎవురిది?" అంది చౌడమ్మ వెంటనే.

"సెట్టు పాడె, ముల్లు నడిచె. మాట ప్రకారం టేబులు నాదే. కాని..." అని నసిగాడు మునీంద్ర.

"నాన్నా, టెక్నికల్లీ నువ్వు ఓడిపోయి గెలిచినావ్. అమ్మ గెలిచి ఓడిపోయింది. మ్యాచ్ క్యాన్సిల్," అంది హర్షిత.

"క్యాన్సిలూ లేదు ఏమీ లేదు," అంది సొన్నమ్మ. గరిట గిన్నెలో పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకొని నిటారుగా కూర్చుంది. "పొద్దున అన్ని సెట్లూ చూస్తిని. నాలుగు సెట్లకి దారం వదులు. ఒకదానికి ముడి మీద ముడి. కిటికీ గట్టు మీద దానికి స్పీకరు ముందర గుడ్డ ఏసినారు చూడు, పడుగు ఒక పక్కకి, పేక ఒక పక్కకి, సంతలో కట్టిన డేరా మాదిరి. అది చూసినాక నాకు బస్సారులో ఉప్పేసినానో లేదో కూడా గుర్తు లేదు."

"ఏసినావు," అన్నాడు వెంకటేశప్ప గౌరవంగా.

"ఇంక అట్ల నడవదు. దారం పని, గుడ్డ పని నాది. గుజరీకి ఏ సెట్టూ పోయే పని లేదు. కాల్చి అతికించే పనంతా మీరు మిద్దె మీద రేకుల కింద చేసుకోండి. నేను చూడకుండా ఏ సెట్టూ ఇల్లు దాటకూడదు. రేపటి నుంచి టేబులు నాది."

మునీంద్ర నోట్లో ముద్ద అట్లాగే ఉండిపోయింది. చౌడమ్మ మొహం వెలిగింది. ఒళ్ళోని తట్టను ఇప్పుడే టేబులు మీదికి మార్చేటట్టు రెండు చేతులా ఎత్తింది.

"తినడానికి కాదత్తా," అంది సొన్నమ్మ. "పనికి. కిటికీ వెలుతురు బాగా పడతాది ఆడ."

తట్ట మళ్ళీ ఒళ్ళోకి దిగింది.

"మరి మనం తినేది యాడమ్మా?" అంది హర్షిత.

"ఇప్పుడు యాడ తింటా ఉండావో ఆడనే. చల్లారతాది, తిను."